గుంట కట్ట మీద చిన్న కంప్యూటర్

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా సముద్రం ఒడ్డున ఎన్నో ఊళ్లు ఉన్నాయి. ఒక పక్క సముద్రం. ఇంకో పక్క బకింగ్‌హామ్ కాలువ. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా రొయ్యల గుంటలు. రాత్రిపూట గుంటల్లో చక్రాలు తిరిగే చప్పుడు ఇళ్లకు వినబడుతుంది.

చప్పుడు వినబడుతుంటే ఇల్లాలికి నిద్ర పడుతుంది. చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది.

మరి గుంట ఊరికి దూరంగా ఉంటే? చప్పుడు వినబడకపోతే? అప్పుడు ఎవరు చెబుతారు? ఈ పాఠం దాని గురించే.

ఆ రాత్రి ఏం జరిగింది?

ఒక ఊళ్లో ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు ఉత్తరం చదువుతుంది. లెక్క రాస్తుంది. పాపాయి బడి పుస్తకం చూసి ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్చుకుంది.

వాళ్లు రెండెకరాల గుంట కౌలుకు తీసుకున్నారు. గుంట ఊరికి రెండు కిలోమీటర్ల దూరం. కొడుకు రోజూ రాత్రి కట్ట మీద షెడ్డులో పడుకుంటాడు.

పోయిన పంటలో రొయ్య బాగా ఎదిగింది. డెబ్బై రోజులు దాటాయి. ఇంకో నెలలో పట్టుబడి. ఒక రోజు పగలంతా మబ్బు పట్టింది. కొడుకు రాత్రి పన్నెండుకు లేచి గుంట చూశాడు. అంతా బాగుంది. మళ్లీ పడుకున్నాడు. రెండు గంటలకు కరెంటు పోయింది. చక్రాలు ఆగాయి. అలసిన మనిషికి మెలకువ రాలేదు.

అయిదు గంటలకు లేచి చూస్తే ఏముంది? రొయ్యలు కట్ట అంచున తేలి ఉన్నాయి. జనరేటర్ షెడ్డులోనే ఉంది. డీజిల్ కూడా ఉంది. వెయ్యాల్సిన మనిషికి తెలియలేదు. అంతే.

మేత బాకీ మిగిలింది. కౌలు బాకీ మిగిలింది. కోడలి గాజులు తాకట్టుకు పోయాయి.

ఊళ్లో అందరూ కొడుకునే తప్పు పట్టారు. కోడలు మాత్రం ఒక మాట అంది. "పగలంతా పని చేసిన మనిషి రాత్రంతా మేలుకోని ఉండగలడా? తప్పు ఆయనది కాదు. కరెంటు పోయిందని చెప్పే దిక్కు లేదు. ఆ దిక్కు ఏందో చూడాల."

రొయ్యకు గాలి కావాలి

మనకు గాలి కావాలి. రొయ్యకూ గాలి కావాలి. అది నీళ్లలో కలిసి ఉన్న ప్రాణవాయువును పీలుస్తుంది. లీటరు నీళ్లలో ప్రాణవాయువు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి. తగ్గితే రొయ్య మేత తినదు. ఇంకా తగ్గితే చచ్చిపోతుంది.

పగలు ఎండకు నీళ్లలోని పచ్చని నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి ఎండ ఉండదు. నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది. రొయ్యలూ వాడుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు నీళ్లలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువ ఉంటుంది. పగలు మబ్బు పడితే ఆ రాత్రి మరీ తక్కువ. నీళ్లు వేడెక్కినా తక్కువే. వేడి నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువ నిలవదు.

నెల్లూరు తీరంలో 1990 తరువాత రొయ్యల గుంటలు బాగా పెరిగాయి. అప్పట్లో టైగర్ రొయ్యను పెంచేవాళ్లు. 1994, 1995 ప్రాంతంలో జబ్బు వచ్చి చాలామంది నష్టపోయారు. 2009లో వనామీ రొయ్యకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. వనామీని గుంటలో ఒత్తుగా పెంచుతారు. ఒత్తుగా ఉన్నచోట గాలి ఎక్కువ కావాలి. అందుకే చక్రాలు ఆగకూడదు. ఆగితే నిమిషాల్లో తెలియాలి.

ఒకే పలక మీద కంప్యూటర్

కోడలికి ఒక తమ్ముడు ఉన్నాడు. నెల్లూరులో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఆదివారం అక్క ఇంటికి వచ్చాడు. జేబులో నుంచి ఒక చిన్న అట్టపెట్టె తీశాడు. అందులో ఆకుపచ్చని పలక ఉంది. ఏటీఎం కార్డంత ఉంది. దాని మీద నల్లని ముక్కలు, వెండి రంగు గూళ్లు ఉన్నాయి.

"ఇదేంది అబ్బయ్యా, రేడియో లోపలి ముక్క మాదిరి ఉండాది?" అని అత్త అడిగింది.

"ఇది కంప్యూటర్ అత్తా" అన్నాడు తమ్ముడు.

"కంప్యూటరా! టీవీ యాడ? మీటలు యాడ?"

"ఉంటే తగిలించుకోవచ్చు. లేకపోయినా పని చేస్తాది. తెలివంతా ఈ పలకలోనే ఉండాది."

దీనిని ఒకే పలక కంప్యూటర్ అనవచ్చు. ఇలాంటివాటిలో బాగా పేరు పొందినది రాస్ప్‌బెర్రీ పై. రాస్ప్‌బెర్రీ అంటే ఒక పండు పేరు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి అనే ఊరు ఉంది. అక్కడ ఎబెన్ అప్టన్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు దీనిని తయారు చేశారు. పిల్లలు తక్కువ ఖర్చుతో కంప్యూటర్ పని నేర్చుకోవాలని వాళ్ల ఆశ. 2012 ఫిబ్రవరి 29న అమ్మకం మొదలైంది. అప్పటి ధర 35 డాలర్లు. పిల్లల కోసం చేసిన పలకను తరువాత రైతులు, ఫ్యాక్టరీల వాళ్లు కూడా వాడుకున్నారు.

మొదట్లో దానికి తీగ లేకుండా మాట్లాడే శక్తి లేదు. వేరే ముక్క తగిలించాల్సి వచ్చేది. 2016లో వచ్చిన మూడో రకంలో వైఫై లోపలే పెట్టారు.

తీగ లేకుండా మాట ఎలా పోతుంది?

పులికాట్ పక్కన శ్రీహరికోట ఉంది. 1980 జూలై 18న అక్కడి నుంచి మన దేశపు రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని పైకి తీసుకుపోయింది. పైకి పోయిన ఉపగ్రహానికి తీగ కట్టలేం గదా! అయినా నేల మీద నుంచి దానితో మాట్లాడతారు. రేడియో అలల మీద మాట పోతుంది. మాట వస్తుంది.

మన సెల్‌ఫోను పని చేసేదీ అలాగే. వైఫై కూడా అంతే. కాకపోతే వైఫై చాలా దూరం పోదు. ఇల్లంత దూరం, పెరడంత దూరం పోతుంది. రెండు కిలోమీటర్లు పోదు.

అందుకని తమ్ముడు సిమ్ వేసిన వైఫై పెట్టెను తెచ్చాడు. చిన్న కంప్యూటర్ ఆ పెట్టెతో మాట్లాడుతుంది. ఆ పెట్టె సెల్ టవర్‌తో మాట్లాడుతుంది. టవర్ నుంచి మాట ఇంటికి వస్తుంది.

ఇంట్లోనే అమర్చారు

తమ్ముడు అన్నాడు, "గుంట కాడికి పోయి కుస్తీ పట్టొద్దు అక్కా. ముందు ఇంట్లో పని చేయిద్దాం. ఇంట్లో పని చేస్తే ఆడా చేస్తాది." సిమ్ పెట్టెను కూడా ఇంట్లోనే పెట్టాడు. ఏ వైఫైతో గుంట దగ్గర పని చేయాలో, ఆ వైఫైతోనే ఇంట్లో అలవాటు చేయాలి. అప్పుడు మళ్లీ మార్చాల్సిన పని ఉండదు.

వాళ్లు చేసిన పని వరసగా చూడండి.

1. మెమరీ కార్డు తీసుకున్నారు. అది గోరంత ఉంటుంది. పలకకు అదే పుస్తకం. అందులో రాసి ఉన్నదే పలక చదువుతుంది. ఏమీ రాయకపోతే పలక ఏమీ చేయదు.

2. కార్డును తమ్ముడి ల్యాప్‌టాప్‌లో పెట్టారు. కార్డు మీద రాయడానికి ఒక ప్రోగ్రాం ఉంది. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్. డబ్బు కట్టే పని లేదు. అందులో పలక ఏ రకమో ఎంచుకున్నారు. ఏ కార్డు మీద రాయాలో ఎంచుకున్నారు. ఇక్కడ జాగ్రత్త. కార్డులో అంతకు ముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. పిల్లల ఫొటోలు ఉన్న కార్డు పెట్టకూడదు.

3. రాసే ముందు ప్రోగ్రాం కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. పలకకు ఏ పేరు పెడతారు? "గుంట" అని పెట్టారు. మీ వైఫై పేరు ఏమిటి? దాని తాళం మాట ఏమిటి? ఏ దేశం? పలకను వాడే మనిషి పేరు ఏమిటి? ఆ మనిషి తాళం మాట ఏమిటి? తాళం మాటను ఇంగ్లీషులో పాస్‌వర్డ్ అంటారు.

4. చివరికి ఇంకొక ప్రశ్న. దూరం నుంచి లోపలికి రానివ్వాలా? దీనికి "అవును" అని చెప్పాలి. ఆ దారి పేరు ఎస్‌ఎస్‌హెచ్. ఇది మరిచిపోతే పలక పని చేస్తూనే ఉంటుంది, కానీ తలుపు తెరవదు.

5. కార్డును పలకలో పెట్టారు. చార్జర్ తగిలించారు. ఇంట్లో ఉన్న పాత ఫోను చార్జర్ పెడితే పలక మధ్యమధ్యలో ఆగిపోయింది. దానికి తగిన చార్జర్ పెట్టాక నిలబడింది. ఎర్ర దీపం వెలిగింది. ఆకుపచ్చ దీపం మిణుకు మిణుకుమంది. మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తొందరపడి తీగ లాగకూడదు.

6. ల్యాప్‌టాప్‌ను అదే వైఫైకి కలిపారు. పలక పేరుతో దాన్ని పిలిచారు. పలక పలికింది.

పలికి ఏం చేసిందో తెలుసా? ముందు తన వేలిముద్ర చూపించింది. "నేను ఫలానా పెట్టెను. ఇది నా ముద్ర. నమ్ముతారా?" అని అడిగినట్లు తెర మీద వరసగా అక్షరాలు, అంకెలు వచ్చాయి. కంప్యూటర్ వాళ్లు కూడా దానిని వేలిముద్ర అనే అంటారు.

అత్త పకపకా నవ్వింది. "మనం వేలిముద్ర మాని సంతకం నేర్చుకుంటిమి. ఇంత తెలివైన కంప్యూటర్ వేలిముద్ర వేస్తా ఉండాదా!"

తమ్ముడూ నవ్వాడు. "దాని ముద్ర దానికే ఉంటాది అత్తా. రేపు ఎవరన్నా దొంగ పెట్టె పెట్టి గుంట అని పేరు పెట్టినా, ముద్ర కలవదు. మనకి తెలిసిపోతాది."

తాళం ఎవరి చేతిలో ఉండాలి?

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. తాళం మాట అడిగినప్పుడు తమ్ముడు తొందరలో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వరసగా కొట్టబోయాడు. కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"అదేంది, ఆ అంకెలు?"

"తాళం మాట అక్కా. సులభంగా గుర్తుంటాది."

"నీకు సులభమైతే దొంగకీ సులభమే గదా. అయినా గుంట నాది, తాళం నీ చేతిలో ఎందుకు?"

తమ్ముడు ఆగాడు. అక్క అడిగింది నిజమే.

ఈ పలకల చరిత్రలోనూ ఇదే తప్పు ఉంది. మొదట్లో ప్రతి పలకకూ ఒకే పేరు, ఒకే తాళం మాట పెట్టి ఇచ్చేవాళ్లు. కొన్నవాళ్లు మార్చుకోవాలి. చాలామంది మార్చేవాళ్లు కాదు. ఊరందరి ఇళ్లకూ ఒకే తాళం చెవి అయితే ఎలా ఉంటుంది? 2022 ఏప్రిల్‌లో తయారుచేసేవాళ్లు ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు ఎవరి పేరు, ఎవరి తాళం మాట వాళ్లే పెట్టుకోవాలి.

2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం వచ్చింది. ఇళ్లల్లో, అంగళ్లలో పెట్టిన కెమెరాలు, ఇంటర్నెట్ పెట్టెలు చాలావాటికి కొన్నప్పటి తాళం మాటే ఉండిపోయింది. ఆ ప్రోగ్రాం ఆ మాటలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూసింది. లక్షల పెట్టెల్లో దూరింది. 2016 అక్టోబరు 21న ఆ పెట్టెలతో ఒక పెద్ద కంపెనీ మీద దాడి చేశారు. అమెరికాలో ఎంతోమందికి కొన్ని గంటలు పెద్ద పెద్ద సైట్లు తెరుచుకోలేదు. తమ కెమెరా దొంగకు కూలి చేస్తోందని దాని యజమానికి తెలియనే లేదు.

ఎస్‌ఎస్‌హెచ్ పుట్టింది కూడా దొంగతనం వల్లే. అంతకు ముందు తాళం మాట పోస్టుకార్డు మీద రాసినట్లు పోయేది. దారిలో ఎవరైనా చదవవచ్చు. ఫిన్లాండ్ దేశంలో ఒక విశ్వవిద్యాలయంలో అలా తాళం మాటలు దొంగిలించారు. అక్కడి తాతు యులోనెన్ అనే ఆయన 1995లో ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారు చేశాడు. ఇందులో మాట కవరులో పెట్టి అంటించినట్లు పోతుంది. దారిలో ఎవరు పట్టుకున్నా చదవలేరు. కానీ మనమే తాళం మాట నలుగురికీ చెబితే కవరు ఏం చేస్తుంది?

కోడలు బాగా ఆలోచించింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు ఏరుకుంది. వాటిని ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాసుకుంది. మధ్యలో ఒక అంకె పెట్టింది. ఆ మాటలు ఏవో ఈ పాఠంలో లేవు. అవి ఆమెవి.

తాళం మాట కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనబడలేదు. అక్షరం పడలేదు. చుక్క కూడా పడలేదు. ఆమె భయపడింది.

"పడటం లేదురా!"

"పడతా ఉండాది అక్కా. పక్కన ఉన్నోళ్లు చూడకుండా కనబడనియ్యదు. నువ్వు కొట్టు."

మొదటిసారి తప్పు పోయింది. రెండోసారీ తప్పు పోయింది. మూడోసారి ఒక్కొక్క అక్షరం నోట్లో అనుకుంటూ కొట్టింది. తలుపు తెరుచుకుంది. తెర మీద తన పేరు, పక్కన గుంట పేరు కనిపించాయి. సంతకం నేర్చుకున్న రోజు ఎలా ఉందో, ఆ రోజూ ఆమెకు అలాగే ఉంది.

తరువాత తమ్ముడికి వేరే పేరు, వేరే తాళం మాట ఇచ్చారు. ఒకే గదికి ఇద్దరికీ రెండు తాళపు చెవులు. కావాలంటే రెండోదాన్ని ఎప్పుడైనా తీసెయ్యవచ్చు. మొదటిది ఆమెది.

గుంట దగ్గర

మరుసటి వారం పలకను గుంట దగ్గరికి తీసుకుపోయారు. కరెంటు ఉందో లేదో చెప్పే ముక్కలు మూడు పెట్టారు. చక్రాల మోటార్లకు మూడు ఫేజుల కరెంటు కావాలి. ఏ ఫేజు పోయినా తెలియాలి గదా. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేశాడు. మోటారు కరెంటును నేరుగా పలకకు తగిలించకూడదు. పలక కాలిపోతుంది. తడి నేల మీద మనిషి ప్రాణానికే ముప్పు.

నీళ్ల వేడి కొలిచే చిన్న కడ్డీని గుంటలో వేశారు. ప్రాణవాయువు కొలిచే కడ్డీ కూడా దొరుకుతుంది. దాని ఖరీదు ఎక్కువ. పాచి పడితే తప్పు లెక్క చెబుతుంది. తరచుగా తుడవాలి. కాబట్టి దాన్ని తరువాత చూద్దామనుకున్నారు. ముందు కరెంటు కబురు తెలిస్తే సగం భయం పోతుంది.

కొడుకు అన్నాడు, "ఇది ఈడ పెడితే ఎవడో ఎత్తకపోతాడు." ఇనప పెట్టె తెచ్చి అందులో పలకను పెట్టి తాళం వేశాడు. వెంటనే పలక మూగపోయింది. ఎంత పిలిచినా పలకలేదు.

ఎందుకు? రేడియో అలలు ఇనపరేకు దాటి రాలేవు. పెట్టె తెరిస్తే మళ్లీ పలికింది.

అప్పుడు మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బా తెచ్చారు. తీగలు పోయే రంధ్రం కింది వైపు పెట్టారు. వాన నీళ్లు లోపలికి పోవు. ఉప్పు గాలికి రాగి పచ్చబడుతుంది. ఇనుము తుప్పు పడుతుంది. అందుకని కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి డబ్బాలో వేశారు. డబ్బాను షెడ్డు లోపల, నీడలో, ఎత్తుగా కట్టారు.

ఇంకొక సంగతి. కరెంటు పోతే పలక కూడా ఆగిపోతే ఎవరు చెబుతారు? అందుకే పలకకూ, సిమ్ పెట్టెకూ బ్యాటరీ పెట్టారు.

ఇంటి నుంచి గుంట దాకా

ఇంట్లో అందరూ ఒకే వైఫై మీద ఉన్నారు. పిలిస్తే పలికింది. ఇప్పుడు పలక రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. మామూలుగా బయటి నుంచి పిలుపు సిమ్ పెట్టెను దాటి లోపలికి పోదు. అది మంచిదే. లేకపోతే దారిన పోయేవాళ్లందరూ తలుపు కొడతారు.

మరి దారి ఏమిటి? లోపల ఉన్న పలకే బయటికి పిలుస్తుంది. నమ్మకమైన ఒక చోటికి పిలిచి లైను పట్టుకుని ఉంటుంది. మనమూ అక్కడికే పోతాం. అక్కడ ఇద్దరూ కలుస్తారు. ఊరి బయట చెట్టు కింద కలుసుకున్నట్లు. రాస్ప్‌బెర్రీ పై వాళ్లు 2024 మే నెలలో ఇలాంటి ఏర్పాటు ఒకటి మొదలుపెట్టారు. దాని పేరు కనెక్ట్. ఫోనులో తెరిచి, పేరు, తాళం మాట కొడితే మన పలక కనబడుతుంది.

ఆంధ్రలో గుంటలకు ఇలాంటి పని కొత్త కాదు. విజయవాడలో 2012లో ఏరువాక టెక్నాలజీస్ అనే సంస్థ మొదలైంది. వాళ్లు నీటి మీద తేలే పరికరాలు తయారు చేశారు. అవి ఎండతో పని చేస్తాయి. నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో కొలిచి రైతు ఫోనుకు చెబుతాయి. పొలాల్లో మోటార్లకు ఫోనుతో పని చేసే స్టార్టర్లు కూడా చాలామంది వాడుతున్నారు. కోడలి ఇంట్లో పెట్టింది వాటికి చిన్న చెల్లెలు.

తమ్ముడు పలకలో చిన్న ప్రోగ్రాం రాశాడు. కరెంటు పోతే వెంటనే ఫోనుకు కబురు పంపాలి. గంటకు ఒకసారి "బాగున్నాను" అని, నీళ్ల వేడి ఎంతో చెబుతూ కబురు పంపాలి. ఎందుకంటే పలకే పాడైతే అది పాడైనట్లు చెప్పలేదు గదా! గంట దాటినా కబురు రాలేదంటే అదే హెచ్చరిక.

కోడలు గోడ మీద కాలెండరు పక్కన కాగితం అంటించింది. తేదీ, టైము, వేడి రాయడం మొదలుపెట్టింది. ఉదయం 6 గంటలకు 28.5. మధ్యాహ్నం 3 గంటలకు 31. వారం రోజుల అంకెలు చూస్తే గుంట సంగతి ఆమెకు అర్థమైంది. మేత ఎప్పుడు తగ్గించాలో మొగుడితో మాట్లాడింది. అంతకు ముందు ఆ మాటలు మగవాళ్లే మాట్లాడుకునేవాళ్లు.

తెల్లవారుజామున

ఒక రాత్రి మూడుంపావుకు ఫోను మోగింది. కోడలు లేచి చదివింది.

"గుంట. కరెంటు పోయింది. 3-14."

వెంటనే మొగుడికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"కరెంటు పోయింది. జనరేటర్ వెయ్యి."

"నీకెట్టా తెలుసు?" నిద్రమత్తులో అడిగాడు.

"ముందు వెయ్యి!"

అత్త కూడా లేచి కూర్చుంది. ఇద్దరూ ఫోను వైపే చూస్తున్నారు. కొంతసేపటికి మళ్లీ మోగింది.

"గుంట. కరెంటు వచ్చింది. 3-26."

జనరేటర్ తిరిగింది. చక్రాలు తిరిగాయి. మధ్యలో పోయింది పన్నెండు నిమిషాలు. పోయిన పంటలో పోయింది మూడు గంటలు. తేడా అదే.

అత్త చాప సర్దుకుంటూ అంది, "నువ్వు ఆ నాలుగు అక్షరాలు నేర్చుకోకపోతే ఆ ఫోను మోగీ ఏం లాభం?"

తరువాత ఒక రోజు ఉదయం గంట కబురు రాలేదు. తమ్ముడు నెల్లూరులోనే ఉన్నాడు. తన పేరుతో, తన తాళం మాటతో దూరం నుంచే పలకను తెరిచాడు. కరెంటు కబురు పంపే ప్రోగ్రాం ఆగి ఉంది. మళ్లీ నడిపించాడు. బస్సు ఎక్కే పని లేకపోయింది. దూరం నుంచి తెరిచే దారి ఉంటే ఇదీ లాభం.

అయినా కొడుకు కట్ట మీద పడుకోవడం మానలేదు. పలక మనిషికి తోడు. మనిషికి బదులు కాదు. తుఫానులో సెల్ టవరే ఆగిపోవచ్చు. 2015 నవంబరులో, 2021 నవంబరులో నెల్లూరు జిల్లాలో ఎంత వాన పడిందో అందరికీ గుర్తుంది. అలాంటి రోజుల్లో పలక మాట వినబడకపోవచ్చు. అప్పుడు మనిషే మేలుకోవాలి. వంతులు వేసుకుని మేలుకోవాలి.

గుర్తుంచుకోండి

1. ముందు ఇంట్లో అమర్చండి. పని చేశాకే గుంట దగ్గరికి తీసుకుపోండి.

2. పలకకు తగిన చార్జరే వాడండి. బ్యాటరీ తప్పకుండా పెట్టండి.

3. పలకను ఆపాలంటే ముందు ఆగమని చెప్పండి. ఆకుపచ్చ దీపం ఆగాక తీగ తీయండి. ఊరికే లాగితే కార్డులో రాసినది పాడవుతుంది.

4. ఇనప పెట్టెలో పెట్టకండి.

5. మోటారు కరెంటు పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. తడి చేత్తో ముట్టకండి.

6. తాళం మాట మీరే పెట్టండి. మీరే దాచుకోండి. ఫోనుకు వచ్చే ఓటీపీ నంబరు ఎవరు అడిగినా చెప్పకండి.

7. సాయం చేసేవాళ్లకు వేరే పేరు, వేరే తాళం మాట ఇవ్వండి.

కొత్త మాటలు

పలక కంప్యూటర్: ఒకే పలక మీద అన్నీ ఉన్న చిన్న కంప్యూటర్.
వైఫై: తీగ లేకుండా దగ్గరి దూరానికి మాట పంపే ఏర్పాటు.
తాళం మాట: పాస్‌వర్డ్. తలుపు తెరిచే రహస్యపు మాట.
ఎస్‌ఎస్‌హెచ్: దూరం నుంచి కంప్యూటర్‌ను తెరిచే దారి. అందులో మాట కవరులో పెట్టినట్లు పోతుంది.
ప్రాణవాయువు: ఆక్సిజన్.

మాట్లాడుకోండి

1. తెల్లవారే ముందు గుంటలో ప్రాణవాయువు ఎందుకు తగ్గుతుంది?
2. ఇనప పెట్టెలో పెట్టగానే పలక ఎందుకు మూగపోయింది?
3. గంటకు ఒకసారి "బాగున్నాను" అని కబురు ఎందుకు?
4. "గుంట నాది, తాళం నీ చేతిలో ఎందుకు?" అని కోడలు అడిగింది. మీ ఇంట్లో బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు, ఫోను తాళం మాట ఎవరి చేతిలో ఉన్నాయి? ఎందుకు?

రాయండి

మీ ఇంట్లో, చేలో, గుంటలో దూరం నుంచి తెలుసుకోవాలని మీకు అనిపించే సంగతి ఒకటి ఏమిటి? అయిదు వాక్యాలలో రాయండి. రాసి కింద సంతకం చేయండి.